ఆర్డినరీ వరసలో నిలబడ్డ మనిషి

ఇవాళ నవంబరు మూడో బుధవారం. మా వియ్యపురాలు, అంటే మా అమ్మాయి అత్తగారు, కిందటి నెల తుఫాను రోజున మా ఊరి క్లినిక్‌లో చనిపోయారు. చర్చిలో జరిగిన ఆదరణ కూడిక కార్డులో ‘ప్రభువునందు నిద్రించారు’ అని వేయించారు. బతుకంతా పిల్లలకి లెక్కలు చెప్పినదాన్ని, తప్పు జవాబు కనబడితే ఎర్ర సిరాతో కొట్టకుండా ఉండలేను. ఆమె నిద్రించలేదు. కళ్ళు తెరుచుకుని, కంప్యూటరు తెర మీద ఆగకుండా తిరుగుతున్న గుండ్రటి గుర్తును చూస్తూ చనిపోయారు.

కూడికలో నన్ను మాట్లాడమన్నారు. మాట్లాడలేదు. ఏడుస్తూ మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళు చాలనుకున్నాను. ఇప్పుడు రాయడానికి కారణం వేరు. మొన్న ఆదివారం ఆరాధన ముగించుకుని వస్తుంటే ఊరి సెంటర్లో ఆమె ఫ్లెక్సీ కనబడింది. నిలువెత్తు బొమ్మ, చుట్టూ పూలు, పైన ‘కన్నీటి నివాళి’ అని అక్షరాలు. దాని కింద: ‘మీ ఇంట్లో ఇలా జరగకూడదంటే, నేడే తీసుకోండి ఎక్స్‌ప్రెస్ లైను.’ ఊరికి ఇంటర్నెట్ ఇచ్చే కేబులాయన వేయించాడు. ఎవరికి వ్యతిరేకంగా ఆమె పదేళ్ళు వాదించారో, ఆ మనిషే ఆమె శవాన్ని తన దుకాణానికి బోర్డు చేసుకున్నాడు. వచ్చే ఆదివారం గ్రామసభ ఉంది. ఈలోపు ఆమె ఎవరో, ఎలా పోయారో ఒకసారి సరిగ్గా చెప్పాలి.

దివిసీమలో మాది చిట్టచివరి ఊళ్ళలో ఒకటి. కాలవ నీళ్ళు అందరి పొలాలూ తడిసాక మాకొస్తాయి. కరెంటూ అంతే, బస్సూ అంతే. తుఫాను మాత్రం అందరికంటే ముందు మాకే వస్తుంది. వదినగారు పుట్టింది ఇక్కడే. వియ్యపురాళ్ళం కాబట్టి ఒకరినొకరం వదినగారూ అనుకునేవాళ్ళం. ఊళ్ళో అందరికీ ఆమె ఆపరేటరమ్మగారు. బందరు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ట్రంకు బోర్డు దగ్గర ఉద్యోగం చేసి, రిటైరయ్యాక సొంత ఊరికి వచ్చి, మా ఎదురింట్లో ఉన్నారు. మా పిల్లల కాపురం గుడివాడలో.

ఆమె ఏనాడూ ఫోనెత్తి హలో అనలేదు. ‘చెప్పండి’ అనేవారు, అదీ అవతలివాళ్ళు తప్పు చేసినట్టు. ఎవరేం చెప్పినా తిరిగి చదివి వినిపించేవారు. కూరగాయలవాడు అరకిలో దొండకాయలు అంటే ఆమె కూడా ‘అరకిలో, దొండకాయలు’ అని ఆగి, అవునని వాడు తలూపాకే సంచీ పట్టేవారు. హెడ్‌ఫోను పట్టీ ఏళ్ళ తరబడి ఒత్తుకున్నచోట ఆమె నడినెత్తి మీద జుట్టు ఇక మొలవలేదు. పెళ్ళిచూపుల రోజున మొదటిసారి చూసినప్పుడు, ఈవిడ గంపలు తల మీద మోసిందేమో అనుకున్నాను. ఆ మాట తర్వాత ఆమెతోనే అన్నాను. “మాటల్ని మీరు నోటితో మోశారు, నేను తలతో మోశాను” అన్నారు.

ఆ పెళ్ళిచూపుల్లోనే మా అమ్మాయి చదువు గురించి, వంట గురించి నేను కాస్త ఎక్కువే చెప్పాను. ఆమె గోడ గడియారం వైపు చూసి, “మూడు నిమిషాలయ్యాయండీ, పొడిగిస్తారా?” అన్నారు. పాతకాలంలో ట్రంకాల్ మూడు నిమిషాలకి ఒకసారి అలా అడిగేవారు. మా వాళ్ళు నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ఆ మంట తీర్చుకోవడానికి నాకు ఇరవై రెండేళ్ళు అవకాశం దొరికింది. తీర్చుకున్నాను కూడా. ఆమె పులుసు గురించి, ఆమె ఇస్త్రీ చీరల గురించి, ఆమె కొడుకు బద్ధకం గురించి నేను అన్న మాటలు కొన్ని ఇక్కడ రాయదగ్గవి కావు. ఆమె అన్నవి ఇంకా రాయదగ్గవి కావు. ఏ ఒక్కటీ ఒకరి వెనకాల ఒకరం అనుకోలేదు. అందుకు ఆమెకి నేను రుణపడి ఉన్నాను. ఈ వయసులో మొహం మీద నిజం చెప్పే మనిషి మళ్ళీ దొరకదు.

ఈ తరం పిల్లలకి ట్రంకాల్ అంటే తెలియదు. వేరే ఊరికి మాట్లాడాలంటే ఎక్స్ఛేంజికి చెప్పి బుక్ చేసుకుని, వంతు వచ్చేదాకా కూర్చోవాలి. ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని మూడు తరగతులు. అర్జెంటుకి రెట్టింపు, లైట్నింగుకి ఎనిమిది రెట్లు. లైట్నింగు బుక్ అయితే ముందున్న వాళ్ళందరినీ దాటించి కలపాలి. చావు కబుర్ల కోసమని ఆ ఏర్పాటు చేశారట. “బోర్డు దగ్గర కూర్చున్నన్నాళ్ళూ చూశాను, లైట్నింగు మీద చావు కబురు వచ్చింది తక్కువ” అనేవారు వదినగారు. “ధాన్యం రేటు వచ్చేది. సినిమా రీళ్ళ డబ్బాలు బస్సెక్కాయా లేదా అని వచ్చేది. చావు కబుర్లు ఆర్డినరీలో ఉండేవి. చచ్చేవాళ్ళ ఇళ్ళలో ఎనిమిది రెట్లు ఎక్కడుంటుంది?”

ఆమె తల్లికి గుడివాడలో ప్రాణం మీదికొచ్చినప్పుడు ఆమె డ్యూటీలో ఉన్నారు. చేతిలో తీగ ఉంది. బోర్డులో గుచ్చితే కలుస్తుంది. గుచ్చలేదు. అందరిలాగే ఆర్డినరీ బుక్ చేసుకుని, ముందున్న వాళ్ళందరినీ తన చేత్తోనే కలిపి, తన వంతు వచ్చాక కలుపుకున్నారు. అప్పటికి తల్లి పోయింది. ఫోనెత్తిన మేనమామ ‘ఇప్పుడేనమ్మా’ అన్నాడట.

ఇది విన్నప్పుడు నేను జాలిపడలేదు. “మీకు పిచ్చి” అన్నాను. “అది నిజాయితీ కాదు, కన్నతల్లి మీద చూపించిన పొగరు.”

“నా ముందు వరసలో ఉన్నవాళ్ళకి అమ్మల్లేరా వదినగారూ?” అన్నారు. అని, నిమ్మకాయ కోసుకుంటూ కూర్చున్నారు. దాని గురించి మళ్ళీ మాట్లాడలేదు.

డెబ్బై ఏడు నాటి ఉప్పెన సంగతి మాత్రం చాలాసార్లు చెప్పారు. దివిసీమకి తీగలన్నీ తెగిపోయి, ఎన్నాళ్ళకో ఒక్క లైను బాగయింది. ఆ ఒక్కటీ ప్రభుత్వ పనులకే అన్నారు. సహాయం ముందు, మిగతావి తర్వాత అన్నారు. ఎవరూ కాదనలేని మాట. ఎక్స్ఛేంజి బయట మెట్ల మీద ఈ ఊళ్ళ మనుషులు కూర్చుని ఉన్నారు, తమవాళ్ళలో ఎవరు మిగిలారో కనుక్కోవడానికి. లోపల ఆ లైను మీద ఒక అధికారి అవతలివాళ్ళని అడుగుతున్నాడట, రాత్రి భోజనానికి కోడి దొరుకుతుందా లేదా అని. ఆమె చెవిలో హెడ్‌ఫోను. ఇద్దరి మాటలూ వినబడుతున్నాయి. మెట్ల మీద కూర్చున్నవాళ్ళలో ఆమె సొంత పినతండ్రి ఉన్నాడు. “అది కూడా రిలీఫ్ పనే అనుకుని కలిపి ఉంచాను” అనేవారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ముఖం చూడలేక నేను వేరే పని కల్పించుకునేదాన్ని.

అందుకని, ఊళ్ళోకి ఇంటర్నెట్ వచ్చి, కేబులాయన ఎక్స్‌ప్రెస్ అనే మాట మొదటిసారి ఎత్తినప్పుడు ఆమె భగ్గుమన్నారు. ఇతను నా దగ్గర ఎనిమిదో తరగతి లెక్కలు చదివినవాడే. శాతాలు బాగా వచ్చు. అసలు అడిగింది నేను. క్లినిక్‌లో నర్సమ్మ బందరు డాక్టరుతో వీడియోలో మాట్లాడి మందు ఇచ్చే పద్ధతి వచ్చింది. వారంలో సగం రోజులు బొమ్మ ఆగిపోయేది. ఊరంతా క్రికెట్ చూస్తుంటే రోగి ఆగాలా, క్లినిక్‌ని ముందు వదిలే ఏర్పాటు చెయ్యవయ్యా అన్నాను. అతను తల గోక్కుని, “చెయ్యొచ్చు మామ్మగారూ, మిషన్లో ఎక్స్‌ప్రెస్ అని ఆ సదుపాయం ఉంటుందండి. కొంచెం ఖర్చవుద్దండి” అన్నాడు.

ఆ సాయంత్రమే వదినగారు వీధి దాటి వచ్చారు. చెప్పులు కూడా విడవకుండా మొదలుపెట్టారు.

“వాడికి మీరేనా నేర్పింది, వరస మార్చమని?”

“ఆంబులెన్సు వస్తే దారివ్వమా?”

“ఆంబులెన్సుకి సైరనుంటుంది, అందరికీ వినబడుతుంది, అందరూ తప్పుకుంటారు. వైర్లో పోయేదాన్ని ఎవరు చూస్తారు? లోపల రోగున్నాడో, పెళ్ళివారున్నారో, తలుపు తీసి చూసేదెవరు? వాడొక్కడే. ముందు ఎవరిదని అడిగే అధికారం ఒకడి చేతికిచ్చారంటే, తెల్లారేసరికి వాడు దాన్ని అమ్ముతాడు.”

“అయితే రోగి చావాలా?”

“లైను పెద్దది చెయ్యమనండి. వరస మార్చమనకండి.” అప్పటికి ఊరుకోకుండా, “మీ క్లాసులో ఫస్టు బెంచీ ఎవరికి పెట్టారు? కళ్ళు కనబడని పిల్లలకన్నారుగా. చివరికి ఎవరు కూర్చున్నారందులో?” అన్నారు.

రైసుమిల్లు వాళ్ళ పిల్లలు కూర్చున్నారు. వాళ్ళెవరికీ కళ్ళజోడు లేదు. ఆమెకి ఆ సంగతి ఎలా తెలిసిందో ఇప్పటికీ నాకు తెలియదు. “మూడు నిమిషాలయ్యాయి, ఇంటికెళ్ళండి” అన్నాను. ఆమె మాట ఆమెకే తిప్పికొట్టగలిగింది ఆ ఒక్కసారే.

ఆ వాదన తేలలేదు. క్లినిక్‌కి డబ్బు మంజూరు కాలేదు. ఆ సదుపాయం రాలేదనే అనుకున్నాం.

తుఫాను రోజు మధ్యాహ్నానికే కరెంటు పోయింది. కాసేపటికి సెల్ టవరు కూడా పడుకుంది. ఊళ్ళో పనిచేస్తున్నది బ్యాటరీల మీద నడిచే కేబులాయన లైను ఒక్కటే. ఒకరికి గుడివాడలో కొడుకు, ఒకరికి బందరులో కూతురు, ఒకరికి మంగినపూడిలో చేపల వేటకెళ్ళిన అల్లుడు, ఎవరి వాళ్ళకి వాళ్ళు బతికున్నామని చెప్పుకోవడానికి ఊరంతా ఆ ఒక్క తీగ మీదే పడింది. వదినగారికి భోజనం దగ్గర ఎడమ చెయ్యి లాగింది. నన్ను పిలిచి, అరుగు మీదే కూర్చుని, “గ్యాసు కాదు. గ్యాసైతే మిమ్మల్ని పిలవను” అన్నారు. కుర్చీతో సహా క్లినిక్‌కి మోయించాను.

నర్సమ్మ ఇన్వర్టరు మీద ఈసీజీ తీసింది. చూడగానే ఆ పిల్ల ముఖం మారిపోయింది. గుండెలో గడ్డ కరిగించే ఇంజెక్షను అలమరలో ఉంది. డాక్టరు చూసి ఇమ్మంటేగాని ఇవ్వకూడదు, మనిషిని బట్టి అదే ప్రాణం తియ్యొచ్చు. కరకట్ట మీద చెట్లు పడి ఆంబులెన్సు అవతలే ఆగిపోయింది. నర్సమ్మ ఆ కాగితాన్ని ఫొటో తీసి కంప్యూటరులో పంపింది. గుండ్రటి గుర్తు తిరగడం మొదలైంది.

కొంతసేపు చూశాను. ఇక నావల్ల కాలేదు. పాస్టరుగారి బ్యాటరీ మైకులో చెప్పించండి, ఊళ్ళో అందరూ ఫోన్లు కట్టెయ్యాలి, ఆపరేటరమ్మగారి ప్రాణం మీదికొచ్చింది అన్నాను.

వదినగారు నా చీర కొంగు పట్టుకున్నారు. “వద్దు. వాళ్ళలో ఎవరి చావు కబురు ఏ ఫోన్లో ఉందో మీకు తెలుసా?”

తెలియదు. అయినా చెప్పించాను. ఈ ఊరు చేసిన పని నేను మరిచిపోను. వానలో తడుస్తూ పాస్టరుగారు వీధి వీధికీ తిరిగి చెప్పారు, ఇంటింటా ఫోను ఆపేశారు. వేటకెళ్ళిన అల్లుడి కబురు ఇంకా తెలియని ఇల్లు కూడా ఆపేసింది. కడుపు మండి ఎన్నో తిట్టుకునే ఊరు, ఒక్క మాట అనకుండా తన వంతు వదులుకుంది. కేబులాయన ఇంటికి కూడా మనిషి వెళ్ళాడు. ‘నేనూ ఆపేశానని చెప్పండి’ అన్నాడట.

గుర్తు మాత్రం తిరుగుతూనే ఉంది.

వదినగారు తెర వైపే చూస్తున్నారు. నొప్పితో కాదు, డ్యూటీలో ఉన్నట్టు చూస్తున్నారు. “ఊరంతా ఆపేశారా?” అన్నారు. ఆపేశారని చెప్పాను. “ఊరంతా, ఆపేశారు” అని తిరిగి చదివారు. తర్వాత, చాలా మామూలుగా, “అయితే ఎవరో లైట్నింగు బుక్ చేశారు వదినగారూ” అన్నారు.

మతి తప్పిందనుకున్నాను. ఎక్స్ఛేంజిలో ఉన్నాననుకుంటోంది పాపం అని నర్సమ్మతో అన్నాను. ఆమె విన్నారో లేదో తెలియదు. మళ్ళీ మాట్లాడలేదు. డాక్టరు సమాధానం వచ్చింది. తెర మీద చక్కగా, అక్షరం చెరక్కుండా వచ్చింది: వెంటనే ఇంజెక్షను ఇవ్వండి. నర్సమ్మ అప్పటికే ఆమె కళ్ళు మూస్తోంది.

ఇక ఫ్లెక్సీ సంగతి. ఆదివారం నేను దాని ముందు నుంచి తిన్నగా కేబులాయన ఇంటికి వెళ్ళాను. కుర్చీ వేశాడు, మజ్జిగ తెప్పించాడు. తీసెయ్యవయ్యా అన్నాను. అతను నొచ్చుకున్నాడు. నాకు మేలు చేస్తున్నాననే అనుకుంటున్నాడు.

“మీరు చెప్పిందేగదండీ మామ్మగారూ. అత్యవసరాలకి వేరే దారుండాలని మీరేగా మొదట అన్నది. ఆమెగారు ఒప్పుకోలేదు గానీ, ఒప్పుకునుంటే బతికేవారు. ఎక్స్‌ప్రెస్ ఎంత గట్టిదో ఆ రోజే తేలిపోయిందండి. ఊరంతా ఆగిందా? రొయ్యల చెరువుల వాళ్ళకి ఒక్క సెకను ఆగలేదు. కెమెరాలు, చెరువు నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్లు, అన్నీ ఇంట్లో కూర్చుని చూసుకున్నారు. వేసవి నుంచీ తీసుకున్నారండి వాళ్ళు. లైన్లో ముప్పాతిక వంతు వాళ్ళకే కట్టేశాను. తుఫానుకి లైను సన్నబడినా ముందు వాళ్ళ వంతే నిండుద్దండి, మిగిలిందే ఊరికి.”

నా చేతిలో మజ్జిగ గ్లాసుంది. కింద పెట్టాను.

“నువ్వూ ఆపేశానన్నావు.”

“నా ఫోను ఆపేశానండి” అన్నాడు. “వాళ్ళది ఎలా ఆపుతాను? డబ్బు కట్టారు కదా.”

అబద్ధం ఆడలేదు. దాచలేదు కూడా. అడిగితే ఎవరికైనా చెప్పేవాడు, అదొక గొప్ప కాబట్టి. ఊరు మొత్తం నోరు మూసుకుని వదులుకున్నది ఆ మిగిలిన పావు వంతు. మిగతా ముప్పాతికలో రొయ్యలకి గాలి ఆడుతోందో లేదో చూసుకుంటున్నారు. గాలి ఆడుతూనే ఉందట. ఆ వానకి ఒక్క రొయ్య చావలేదట. ఆ మాట కూడా అతనే చెప్పాడు.

ఇంటికొచ్చేసరికి గుడివాడ నుంచి అల్లుడి ఫోను. తల్లి పోయిన దుఃఖంలో, మంచి ఉద్దేశంతోనే, నా పేరు మీద ఎక్స్‌ప్రెస్ తీసుకున్నాడు. “మీకైనా ఉండాలి అత్తయ్యగారూ, మీ గుండెలో రెండు స్టెంట్లున్నాయి” అన్నాడు. వెనక మా అమ్మాయి ఏడుపు వినబడుతోంది. వద్దన్నాను. పంతానికి పోవద్దంది మా అమ్మాయి. పంతమే. వదినగారి దగ్గర నేర్చుకున్న పంతం. తర్వాత చావబోయేది నేనే కావచ్చు, ఆ కుర్చీలో, ఆ తెర ముందు. ఆ లెక్క వేసుకునే వద్దన్నాను. నా ఎక్స్‌ప్రెస్ ఎవరి పావులోంచి వస్తుందో నాకు తెలుసు.

అలాగని వదినగారిదే మొత్తం సరైనదని రాయను. అబద్ధపు పొగడ్త ఆమెకి గిట్టదు. క్లినిక్ ముందు వెళ్ళాలనే నేనిప్పటికీ అంటాను. దాన్ని అమ్మకూడదు, అంతే. ఆమె బతికుంటే, ‘అమ్మకుండా ముందు పంపేవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి’ అని నిమ్మకాయ కోసుకుంటూ కూర్చునేవారు. చూపించలేకపోయేదాన్ని. అయినా వాదించేదాన్ని.

గ్రామసభలోగా, సభలో, ఆ తర్వాత జరగవలసినవి:

1. కేబులాయన నాకు తన వరండాలో చెప్పిన మాటలు, ముప్పాతిక వంతుతో సహా, అవే మాటల్లో సభలో చెప్పాలి. మరిచిపోతే నేను గుర్తు చేస్తాను.

2. పంచాయతీ స్తంభాల మీద అతని తీగకి మళ్ళీ అనుమతి ఇచ్చేముందు, ఎవరికి ముందు దారి ఇస్తున్నాడో పేర్లు పంచాయతీ గోడ మీద రాయించాలి. సైరనులాగా అందరికీ కనబడాలి.

3. ఆ గోడ మీద ఒక్క పేరే ఉండాలి: క్లినిక్. డబ్బు లేకుండా. రెండో పేరు ఎవరడిగినా, ఎంత ఏడ్చి అడిగినా, ఇవ్వకూడదు. చెరువుల వాళ్ళు అందరితోపాటు వరసలోకి రావాలి.

4. మూడో అంశానికి ఆపరేటరమ్మగారు ఒప్పుకోరు. ఆమె ఒప్పుకోలేదని మినిట్స్‌లో రాయాలి. లైను పెద్దది చెయ్యమన్నారని కూడా రాయాలి.

5. మా అల్లుడు నా పేరు మీద తీసుకున్నది రద్దు చేయించాలి. చేయించకపోతే నేనే తీగ కోస్తాను. కత్తెర ఉంది.

6. నర్సమ్మని ఎవరూ ఒక్క మాట అనకూడదు.

7. ఫ్లెక్సీ శనివారానికి దించాలి. చించొద్దు, గట్టి సరుకు. కోతలు మొదలయ్యాయి, మళ్ళీ వాన అంటున్నారు. శివారు పొలాల్లో కుప్ప మీద కప్పుకోవడానికి బరకం లేనివాళ్ళకి ఇవ్వాలి. రాతలు, బొమ్మ లోపలికి ఉండేట్టు కప్పాలి. పైన వాన పడుతుంటుంది. లోపల, చీకట్లో, ఆమె ముఖం వడ్ల మీద ఆనుకుని ఉంటుంది. ఏ గింజ ముందు, ఏ గింజ తర్వాత అని ఆమె అడగరు.